లీడ్ టోన్‌కి ఏ దారి: యాంప్ గెయినా, పెడలా, ఫజ్జా, మల్టీ ఎఫెక్ట్సా?

కాలేజీలో ఉండగా కొన్న నా మొదటి డిస్టార్షన్ పెడల్‌తో (గిటార్ సౌండ్‌ని గరగరలాడించే, కాలితో తొక్కే చిన్న పెట్టె) హాస్టల్ గదిలో తలుపులేసుకుని నెల రోజులు వాయించాను. చిన్న యాంప్ మీద బేస్, ట్రెబుల్ చివరిదాకా తిప్పి, మిడ్స్ (ఆ రెంటికీ మధ్యనుండే శబ్దాలు) సున్నాకి దించి, పెడల్ గెయిన్ (గరగర మోతాదు) ఫుల్ పెడితే గది అదిరిపోయేది. ఫెస్ట్ రోజు అదే సెట్టింగ్‌తో సోలో వాయించి స్టేజీ దిగాక మా బేస్ ప్లేయర్ అడిగిన మొదటి మాట: "ఒరేయ్, సోలో ఎందుకు ఎగ్గొట్టావు?"

ఎగ్గొట్టలేదు. పదహారు బార్లూ వాయించాను. డ్రమ్స్‌కీ కీబోర్డుకీ మధ్య నలిగి ఒక్క స్వరం కూడా బయటికి రాలేదు, అంతే.

తర్వాత ఇన్నేళ్లలో చేతులు మారిన పెడల్స్ లెక్క ఇంట్లోవాళ్లకి చెప్పే ధైర్యం లేదు. కానీ ఎవరైనా "లీడ్ టోన్ (సోలోకి పనికొచ్చే గిటార్ సౌండ్) కావాలి, ఏది కొనమంటారు?" అని అడిగితే బ్రాండ్ పేరు ఎత్తే ముందు నేను అడిగేది ఒకటే: ఎక్కడ వాయిస్తారు? గదిలోనా, బ్యాండ్‌తోనా, నేరుగా మిక్సర్‌లోకా? సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

## కొనే ముందు చూడాల్సినవి

మిడ్స్. అన్నిటికంటే ముఖ్యం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. గిటార్‌లో లావు తీగ వదిలి మీటితే దాదాపు 82 హెర్ట్జ్, సన్నని తీగ 22వ ఫ్రెట్ దగ్గర దాదాపు 1,175 హెర్ట్జ్. కింది భాగమంతా బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఆక్రమించుకుని ఉంటాయి. పైన సింబల్స్ మోగుతుంటాయి. గిటార్‌కి మిగిలేది మధ్యలోని ఇరుకు చోటు, సుమారు 500 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా. గాయకుడి గొంతు బలంగా ఉండేదీ అక్కడే. పాట ఆగినప్పుడే సోలో మొదలవుతుంది కాబట్టి, గాయకుడు ఖాళీ చేసిన సీట్లో గిటార్ కూర్చోవాలి. మిడ్స్ సున్నా చేశామంటే ఆ సీటుని మనమే తీసి బయట పారేసినట్టు.

మరి గదిలో ఎందుకు బాగుంది? తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా అందవు, అందుకే వాటిని పెంచితే నిండుగా అనిపిస్తుంది. స్టేజీ మీద సౌండ్ పెరిగాక అవి వాటంతట అవే వినపడతాయి. గదిలో కుదిర్చిన సెట్టింగ్ స్టేజీ మీద పాడవడానికి పెద్ద కారణం ఇది.

సస్టెయిన్. స్వరం ఎంతసేపు నిలబడుతుందన్నది. గెయిన్ పెంచితే సస్టెయిన్ పెరిగేమాట నిజమే. మీటగానే వచ్చే పెద్ద దెబ్బను డిస్టార్షన్ కోసేస్తుంది, దాంతో తర్వాతి తగ్గుదల నెమ్మదిగా అనిపిస్తుంది. కానీ డిస్టార్షన్ లేకపోతే సస్టెయిన్ ఉండదని కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించింది శుభ్రమైన సౌండ్‌తోనే. బెండ్లు, స్లైడ్లు (తీగని లాగడం, వేలు జార్చడం) ఎక్కువగా వాయించేవాళ్లకి మామూలు ఓవర్‌డ్రైవ్ (మెత్తని డిస్టార్షన్) ముందు ఒక కంప్రెసర్ (గట్టి, మెల్లని స్వరాల తేడా తగ్గించే పెడల్) పెడితే చాలాసార్లు సరిపోతుంది.

చేతి మాట వినడం. గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే టోన్ శుభ్రపడుతుందా, గట్టిగా మీటితే గరగర పెరుగుతుందా? రిథమ్, లీడ్ రెండూ ఒక్కరే వాయించే చోట ఇది ఉంటే ఒక పెడల్ ఖర్చు మిగిలినట్టే.

సౌండ్ ఎంత కావాలి. వాట్లు చూసి మోసపోవద్దు. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే సుమారు 10 రెట్ల పవర్ కావాలి. 100 వాట్ల యాంప్ 50 వాట్లదానికంటే 3 డెసిబెల్సే ఎక్కువ.

మోత, రిపేరు సంగతి ఒక్క మాటలో: బస్సు ఎక్కించలేనిది, మీ ఊళ్లో బాగుచేసే మనిషి దొరకనిది ఎంత గొప్పదైనా రెండుసార్లు ఆలోచించండి.

## మొదటి దారి: యాంప్ గెయిన్, ముందు ఒక బూస్ట్

బూస్ట్ అంటే గిటార్ సిగ్నల్‌ని పెంచే పెడల్. లీడ్ టోన్ పుట్టింది ఇక్కడే. జిమ్ మార్షల్ 1962లో లండన్‌లో మొదలుపెట్టిన యాంప్‌లకు మూలం ఫెండర్ కంపెనీ బేస్‌మ్యాన్ యాంప్ సర్క్యూట్. 1966లో బ్లూస్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ తన లెస్ పాల్ గిటార్‌ని మార్షల్ కాంబోలో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) పెట్టి, స్టూడియోలో కూడా స్టేజీ మీద వాయించినంత గట్టిగా వాయించాడు. యాంప్‌లోని ట్యూబులు అలా శక్తికి మించి పనిచేసినప్పుడు వచ్చే గరగరలో ఒక మెత్తదనం ఉంటుంది. తాతయ్య కాలం వాల్వు రేడియో గుర్తున్నవాళ్లకి ఆ ట్యూబులు కొత్త కాదు.

1981లో వచ్చిన మార్షల్ జేసీఎమ్ 800 లాంటి వాటిలో ప్రీయాంప్ (యాంప్‌లో మొదటి దశ) గెయిన్ వేరు, మాస్టర్ వాల్యూమ్ వేరు. అందువల్ల కొంత తక్కువ సౌండ్‌లోనూ డిస్టార్షన్ వస్తుంది. ఇలాంటి యాంప్‌ని సగం గెయిన్‌లో పెట్టి, దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్‌ని డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ బాగా పైన పెట్టి వాడటం రాక్, మెటల్ వాళ్ల పాత చిట్కా. పెడల్ కింది బేస్‌ని కోసి మిడ్స్‌ని ముందుకు తోస్తుంది, యాంప్ బిగుతుగా పలుకుతుంది. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే వాక్స్ ఏసీ 30 యాంప్ ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టింది కూడా ఇలాంటి పనికే. గిటారిస్ట్ సంటానా సాగదీసే స్వరాల వెనక ఉన్న మెసా బూగీ యాంప్‌లలో అయితే ప్రీయాంప్‌లోనే గెయిన్ దశలు ఎక్కువ.

ఈ దారిలో చిక్కు సౌండే. 50 వాట్ల ట్యూబ్ యాంప్‌ని అపార్ట్‌మెంట్‌లో దాని బాణీలో పలికించడం కుదరదు. 5 వాట్లది కూడా పక్కింటివాళ్ల ఓర్పుకి పరీక్షే. ట్యూబులు అరిగే వస్తువులు, మార్చాలంటే మన దగ్గర పెద్ద ఊళ్లలోనే తెలిసినవాళ్లు దొరుకుతారు. ఇంకో ముఖ్యమైన సంగతి: స్పీకర్ కలపకుండా ట్యూబ్ యాంప్‌ని ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

అమెరికాలో ఉన్న అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో యాంప్ పంపిస్తానంటే సంబరపడే ముందు వెనక రాసింది ఫొటో తీయించుకోండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజ్ మార్చే ఏర్పాటు లేని యాంప్‌ని నేరుగా మన ప్లగ్‌లో పెడితే ఫ్యూజ్‌తో పోతే అదృష్టమే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు, కాబట్టి యాంప్ మీద 50/60 అని ఉందో లేదో చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని స్పీకర్ వాట్లు చూసి కాకుండా, యాంప్ గోడలోంచి లాగే కరెంటు చూసి ఎంచుకోండి.

## రెండో దారి: క్లీన్ యాంప్, పెడల్స్

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. యాంప్ పని శుభ్రంగా వినిపించడం వరకే, రంగు పెడల్ వేస్తుంది. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ 120 ఈ పద్ధతికి ప్రసిద్ధం. అది ట్రాన్సిస్టర్ యాంప్, ట్యూబులే లేవు. ఫెండర్ ట్విన్ రివర్బ్ ట్యూబ్‌దే అయినా ఎంత పెంచినా క్లీన్‌గా ఉండటానికే పేరు. ఇంట్లోకైతే ఏ చిన్న ట్రాన్సిస్టర్ యాంప్ అయినా నడుస్తుంది.

ఇక్కడ పెడల్ ఎంపికే అసలు విషయం.

| పెడల్ | గరగర తీరు | మిడ్స్ | ఎవరికి |
|---|---|---|---|
| ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ | మెత్తన | 700 హెర్ట్జ్ చుట్టూ బాగా ఉబ్బుతాయి | బ్లూస్, మెలొడీ సోలోలు, బూస్ట్ |
| బాస్ ఎస్‌డీ 1 | మెత్తన, కొంచెం పొడి | ఎక్కువ | పై పనే, తక్కువ ఖర్చులో |
| బాస్ బ్లూస్ డ్రైవర్ | చేతిని బట్టి మారుతుంది | మామూలు | రిథమ్, లీడ్ రెండూ ఒకదానితో |
| బాస్ డీఎస్ 1 | గట్టి, పదును | తగ్గినట్టు ఉంటాయి | హార్డ్ రాక్, టోన్ నాబ్ తగ్గించి |
| ప్రోకో ర్యాట్ | గరుకు, దట్టం | బాగుంటాయి | ఓవర్‌డ్రైవ్ చాలదు, ఫజ్ వద్దు అనేవాళ్లకి |

ఫెండర్ తరహా యాంప్‌లలో మిడ్స్ సహజంగానే లోతుకు దిగి ఉంటాయి. ట్యూబ్ స్క్రీమర్‌ది సరిగ్గా ఆ గుంతని పూడ్చే సౌండ్. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఆ జోడీని ఎందుకు వదల్లేదో విన్న చెవికి అర్థమవుతుంది. అదే పెడల్‌ని మిడ్స్ దండిగా ఉన్న మార్షల్ తరహా యాంప్ ముందు డ్రైవ్ ఎక్కువ పెట్టి వాడితే ముక్కుతో పాడినట్టుంటుంది. "ఆ పెడల్ బాగాలేదు" అని అమ్మేసినవాళ్లలో చాలామంది పెడల్‌ని తప్పు యాంప్ ముందు పెట్టినవాళ్లే. నేనూ ఒకసారి అమ్మేసి, మళ్లీ కొన్నాను.

ర్యాట్ కొన్నవాళ్లకి ఒక చిన్న మాట. దాని ఫిల్టర్ నాబ్ మిగతావాటికి ఉల్టా. కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. పెడల్ పాడైందని షాపుకి తిరిగి తీసుకెళ్లకండి.

ఈ దారిలో లోటు కూడా ఉంది. పెడల్స్ పెరిగేకొద్దీ కేబుళ్లు, అడాప్టర్లు, జిర్రు మనే శబ్దాలు కూడా పెరుగుతాయి. ఒకే అడాప్టర్ నుంచి అన్నిటికీ కరెంటు పంచితే, ముఖ్యంగా డిజిటల్ డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) లాంటివి కలిస్తే, ఈల లాంటి శబ్దం వస్తుంది. దేనికది విడిగా ఇచ్చే పవర్ సప్లై మంచిది. ఇక పాత అద్దె ఇళ్లలో మూడో పిన్‌కి ఎర్త్ పేరుకే ఉంటుంది. తీగలు ముట్టుకున్నప్పుడు, మైకుకి పెదవి తగిలినప్పుడు జిల్లుమంటే టోన్ సంగతి తర్వాత, ముందు ప్లగ్ పీకి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

## మూడో దారి: ఫజ్

ఫజ్ అంటే సౌండ్ చిరిగినట్టు వినిపించే దట్టమైన డిస్టార్షన్. ప్రేమిస్తే వదలరు, లేకపోతే వారంలో అమ్మేస్తారు. రెండు జాతులని గుర్తుపెట్టుకుంటే చాలు.

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వాడినది. గిటార్ వాల్యూమ్ కొద్దిగా తగ్గించగానే గాజులా శుభ్రపడుతుంది. చేతి మాట ఇంతగా వినే డిస్టార్షన్ మరొకటి లేదు. కానీ గిటార్ తర్వాత మొదట అదే ఉండాలి. దాని ముందు బఫర్ (సిగ్నల్ బలం నిలబెట్టే సర్క్యూట్) ఉన్న పెడల్ పెడితే ముఖం మాడ్చుకుంటుంది. అందులోనూ జర్మేనియం ట్రాన్సిస్టర్ల రకం వేడికి మారిపోతుంది. మే నెలలో విజయవాడలో ఆరుబయట ప్రోగ్రాం అంటే నేనైతే సిలికాన్ రకమే పెట్టుకుంటాను.

బిగ్ మఫ్ వేరే కథ. సస్టెయిన్ ధార తెగదు, పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ పొడుగాటి స్వరాలు అందరికీ గుర్తొస్తాయి. కానీ దాని మిడ్స్‌లో పెద్ద గుంత ఉంటుంది. గిల్మోర్ దాన్ని గట్టిగా పలికే హైవాట్ యాంప్‌లలోకి పంపాడు. మనం చిన్న యాంప్‌లోకి పంపి, పైగా కీబోర్డు ఉన్న బ్యాండ్‌లో వాయిస్తే నా ఫెస్ట్ కథే మళ్లీ జరుగుతుంది. మఫ్ తర్వాత మిడ్స్ పెంచే ఓవర్‌డ్రైవో ఈక్యూనో (బేస్, మిడ్స్, ట్రెబుల్‌ని విడివిడిగా సరిచేసే పెడల్) పెడితే బతికిపోతుంది.

## నాలుగో దారి: మల్టీ ఎఫెక్ట్స్, మోడలర్

యాంప్, పెడల్, స్పీకర్ అన్నిటినీ లెక్కలతో అనుకరించే పెట్టె. 1998లో లైన్ 6 పాడ్ వచ్చినప్పుడు ముఖం చిట్లించినవాళ్లే ఇప్పుడు కెంపర్, హెలిక్స్, క్వాడ్ కార్టెక్స్ లాంటి మోడలర్లతో టూర్లు చేస్తున్నారు. డబ్బు పెట్టలేనివాళ్లకి కంప్యూటర్‌లో న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), హెడ్‌ఫోన్స్ ఉంటే అర్ధరాత్రి కూడా జేసీఎమ్ 800ని పూర్తి గెయిన్‌లో వాయించుకోవచ్చు.

ఇందులో తప్పనిసరిగా తెలియాల్సింది క్యాబినెట్ సిమ్యులేషన్, పొట్టిగా క్యాబ్ సిమ్, అంటే గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించడం. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దాన్ని బాగా కోసేస్తుంది. ఆ కోత లేకుండా డిస్టార్షన్‌ని నేరుగా మిక్సర్‌లోకి పంపితే డబ్బాలో పడ్డ కందిరీగలా వినిపిస్తుంది. మామూలు డిస్టార్షన్ పెడల్‌ని మిక్సర్‌కి కలిపి "టోన్ రావట్లేదు" అని బాధపడేవాళ్ల సమస్య తొంభై శాతం ఇదే. మిక్సర్‌లోకి వెళ్తే క్యాబ్ సిమ్ ఆన్, మామూలు గిటార్ యాంప్ ముందు పెడితే ఆఫ్.

మోడలర్లలో లోటు ఎక్కువగా మనిషిదే. రెండు వందల యాంప్‌లు కనిపిస్తే సాధన మానేసి మెనూల్లో తిరుగుతాం. ఫ్యాక్టరీ ప్రీసెట్లు కూడా చాలావరకు హెడ్‌ఫోన్స్‌లో ఒంటరిగా వింటే మెప్పించేలా, రివర్బ్, డిలే దట్టించి చేసినవి. లీడ్ కోసం వాటిలో గెయిన్, రివర్బ్ సగానికి దించి మొదలుపెట్టండి.

## పక్కపక్కన పెడితే

| | తక్కువ సౌండ్‌లో | బ్యాండ్‌లో వినపడటం | గిటార్ వాల్యూమ్‌తో శుభ్రపడటం | వేరేవాళ్ల యాంప్‌తో | మోత |
|---|---|---|---|---|---|
| యాంప్ గెయిన్ + బూస్ట్ | కష్టం | చాలా బాగు | బాగు | కుదరదు | నడుం నొప్పి |
| క్లీన్ యాంప్ + పెడల్స్ | బాగు | పెడల్‌ని బట్టి | పెడల్‌ని బట్టి | చాలా బాగు | పర్లేదు |
| ఫజ్ | పర్లేదు | మఫ్ అయితే జాగ్రత్త | ఫజ్ ఫేస్‌కి సాటి లేదు | యాంప్‌ని బట్టి | తేలిక |
| మోడలర్ | చాలా బాగు | సెట్టింగ్‌ని బట్టి | ఖరీదైనవాటిలో బాగు | మిక్సర్ ఉంటే యాంపే అక్కర్లేదు | తేలిక |

హాస్టల్, అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా వాయించేవాళ్లు: మోడలర్ లేదా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న డిజిటల్ యాంప్. ట్యూబ్ యాంప్ కల ఇంకొన్నాళ్లు దాచుకోండి.

చర్చిలో వాయించేవాళ్లు: తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది గిటారిస్టులు మొదలయ్యేది అక్కడే. యాంప్ ఉండదు, గిటార్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. మీకు క్యాబ్ సిమ్ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ తప్ప వేరే ఆలోచన వద్దు. ఇప్పటికే మంచి పెడల్స్ ఉంటే వాటి చివర విడిగా ఒక క్యాబ్ సిమ్ పెడల్ చేర్చుకోండి.

కాలేజీ బ్యాండ్, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా: స్టేజీ మీద ఏ యాంప్ పెడతారో చివరి నిమిషం దాకా తెలియదు. ఒక ఓవర్‌డ్రైవ్, ఒక ఈక్యూ, ఒక డిలే ఉన్న చిన్న బోర్డు. ఏ యాంప్ ఇచ్చినా క్లీన్ చానల్‌లో పెట్టి మీ సౌండ్ మీరు తెచ్చుకోవచ్చు. మిక్సర్‌లోకే పంపాలంటే ఏం చేస్తారన్నది మాత్రం ముందే ఆలోచించి ఉంచుకోండి.

సొంతంగా సాధన గది, బ్యాండ్ ఉన్నవాళ్లు: మొదటి దారి. సుమారు 20 వాట్ల ట్యూబ్ యాంప్ డ్రమ్మర్ పక్కన నిలబడటానికి సరిపోతుంది.

## బూస్ట్ ఎక్కడ పెట్టాలి

ఏ దారి పట్టినా ఈ ఒక్కటి అందరూ తడబడే చోటు. సోలో వచ్చినప్పుడు బూస్ట్ తొక్కితే సౌండ్ పెరగట్లేదని చాలామంది అంటారు. డిస్టార్షన్‌కి ముందు పెట్టిన బూస్ట్ గరగరని పెంచుతుంది, సౌండ్‌ని పెద్దగా పెంచదు, ఎందుకంటే తర్వాతి దశ అప్పటికే నిండిపోయి ఉంది. సౌండ్ పెరగాలంటే బూస్ట్ డిస్టార్షన్ తర్వాత ఉండాలి. గరగర యాంప్‌లోనే పుడుతుంటే, యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్ తర్వాత పెడల్స్ కలిపే చోటు) పెట్టాలి.

నేను బూస్ట్‌గా వాడేది ఏడు స్లైడర్ల బాస్ జీఈ 7 ఈక్యూ. 800 హెర్ట్జ్, 1.6 కిలోహెర్ట్జ్ స్లైడర్లు నాలుగైదు డెసిబెల్స్ పైకి, 100 హెర్ట్జ్ కొంచెం కిందికి, లెవెల్ కాస్త పైకి. గదిలో వింటే రేడియోలా ఉంటుంది, సిగ్గేస్తుంది. బ్యాండ్‌లో ప్రతి స్వరమూ వినపడుతుంది.

డిలే, రివర్బ్ డిస్టార్షన్ తర్వాతే. డిలే సమయానికి లెక్క తేలిక: 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీటుకి మిల్లీసెకన్లు వస్తాయి. 120 టెంపోకి 500. స్టేజీ మీద డిలే గదిలో ఇష్టపడినదానికంటే కాస్త తక్కువే పెట్టండి, హాలు తన రివర్బ్ తాను కలుపుకుంటుంది.

## షాపులో

మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. షాపువాళ్ల ఖరీదైన గిటార్‌తో ప్రతి పెడలూ బాగుంటుంది. ఫోన్‌లో డ్రమ్స్, బేస్ మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి పెట్టుకుని, షాపువాళ్లు ఒప్పుకుంటే ఏదైనా స్పీకర్‌లో కాస్త గట్టిగా వేయించి దాని మీద వాయించండి. మూడో తీగ 12వ ఫ్రెట్ దగ్గర ఒక్క స్వరం మీటి, వైబ్రాటో ఇస్తూ నాలుగు బీట్లు ఆపండి. నిలబడిందా, డ్రమ్స్‌లో మునిగిందా? తర్వాత గిటార్ వాల్యూమ్ సగానికి దించి కార్డ్ ఒకటి వాయించండి. గెయిన్ నాబ్ ఎక్కడ బాగుందనిపిస్తే అక్కణ్నుంచి పావు వంతు వెనక్కి తిప్పి మళ్లీ వినండి.

చివరగా యాంప్‌కి ఎదురుగా కింద కూర్చోండి. స్పీకర్ మధ్యలోంచి వచ్చే పదును నేరుగా ముందుకు పోతుంది. నిలబడి వాయించేటప్పుడు అది మీ మోకాళ్లకి తగులుతుంది, చెవికి కాదు. చాలలేదని ట్రెబుల్ పెంచేస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు. అందుకే నేను స్టేజీ మీద కూడా యాంప్ ముందు అంచు కింద ఒక ఇటుక పెట్టి, స్పీకర్ ముఖం పైకి వాలుస్తాను.